వెనక సీటు పక్కన జాలీ

ఒక మాటను ఏండ్ల తరబడి కడుపుల పెట్టుకొని తిరిగిన. అన్నం తింటాంటే అడ్డం పడేది. పండుగ నాడు కొత్త అంగీ తొడుక్కుంటాంటే యాదికొచ్చేది. ఎవలన్న నన్ను పట్టుకొని "నువ్వు సక్కటోనివయ్యా" అంటే ఇగ ఆ దినమంత మనసు మంచిగుండకపోయేది. మింగరాదు, కక్కరాదు. మొన్నటిదాంక మా ఇంటామెకు గూడ చెప్పలేదు. ఆమెకు చెప్తే పొద్దుగూకే వరకు వాడంత ఎరుకైతది, అది వేరే సంగతి. అసలు సంగతేందంటే ఆమె కండ్లల్ల నేను చిన్నగైత. గా భయం ఉండె.

నువ్వెవరివో నాకు ఎరుక లేదు. అందుకే నీకు చెప్పుడు జర అల్కగున్నది. తొందరపెట్టకు. నేను మాటలోన్ని కాను, మిషన్ తొక్కేటోన్ని.

చేసిన పాపం చెప్తే పోతదంటరు. పోతదా? వేములవాడ పోయి గుండు కొట్టించుకున్న. ఎంటికలు మళ్ల వచ్చినయి, మనసుల ఉన్నది మాత్రం పోలేదు. పక్క షాపు లూర్దు వాళ్ల మతంల ఫాదర్ చెవిల తప్పు చెప్పుకునే రివాజు ఉన్నదట. అది ఇన్నప్పుడు నాకు కుళ్లు పుట్టింది. ఎంత సుఖం చూడు, జాలీ తెర అవతల ఒకాయన కూసొని ఇంటడు! మాకు అట్లాంటిది లేదు. అందుకే నువ్వు.

లూర్దు గురించే చెప్పాలె. ఈ కథల ఉన్న మంచి అంత ఆమెది.

సుబేదారిల నాది కార్ల సీటు కవర్ల షాపు. నా పని గురించి నేనే చెప్పుకోవద్దు గని చెప్త, ఎందుకంటే తప్పు అక్కడనే మొదలైంది. నేను కుట్టిన కవర్ సీటు మీద తొడిగితే కంపెనీల నుంచి అట్లనే వచ్చిందా అన్నట్టు ఉంటది. ఒక్క ముడత ఉండద్దు. ఒక్క కంత కనబడద్దు. ఎక్కడన్న సందు కనబడితే నాకు పానం ఒప్పదు. ఇంట్ల గూడ కిటికీలకు పరదాలు నేనే కుట్టిన, గాలి రాదని ఇంటామె ఇప్పటికీ గులుగుతది.

పక్కది ఇన్నయ్య సెల్ఫ్ డైనమో షాపు. లారీలది, జీపులది, ట్రాక్టర్లది కరెంటు పని ఏదైనా ఆయనే చేసేది. మా రెండు షాపుల నడుమ గోడ లేదు, ఒక రేకు ఉన్నది. ఆయన దగ్గితే నాకు ఇనబడేది, నేను తుమ్మితే ఆయన "చిరంజీవ" అనేది. ఆయన చచ్చిపోయినప్పుడు ఇగ ఆ షటర్ ఎత్తేటోడు లేడనుకున్నం అందరం. నెల తిరగకముందే ఒక పొద్దున షటర్ లేచింది. చూస్తే ఆయన బిడ్డ లూర్దు. పాలిటెక్నిక్‌ల ఎలక్ట్రికల్ చదివిన పిల్ల. కొంగు నడుముకు చెక్కుకొని నాయిన కూసున్న స్టూలు మీదనే కూసున్నది.

నోరు పెద్దది, చేతులు చిన్నవి. మగోళ్ల చేయి పోని సందుల్ల ఆమె చేయి పోయేది. నోరు గురించి ఏం చెప్పాలె? గిరాకీ బేరమాడితే "అన్నా, కూరగాయల మార్కెట్ అటుదిక్కు" అనేది. "మీ ఇంట్ల మగోళ్లు లేరా అమ్మా" అని ఒకడు అడిగితే, "ఉన్నడు, వంట చేస్తాండు, పిలువాల్నా?" అన్నది. ఆ మాట నిజమే, వాళ్లాయన హాస్టల్ల వంటమనిషి. రేకు ఇవతల నేను నవ్వాపుకోలేక మిషన్ ఆపిన. నన్ను కాక అనేది. "కాకా, చాయ్ చెప్పు, నా చేతులు ఖాళీ లేవు." రోజు ఈ కేక ఇనకపోతే నాకు తెల్లారినట్టు ఉండకపోయేది.

ఇగ ఆ బండి సంగతి.

నర్సంపేటల సదయ్య సేటు అని పత్తి వ్యాపారి. మంచోడే, గని కోపం ముక్కు మీదనే ఉంటది. హైదరాబాద్ల ఎవలో వాడి అమ్మిన హైబ్రిడ్ కారు ఒకటి కొనుక్కొచ్చిండు. పెట్రోలుతోని నడుస్తది, కరెంటుతోని నడుస్తది. స్టార్ట్ చేస్తే సప్పుడు రాదు. పాతదే, గని ఆయనకు దాని మీద పానం. ఇంకొన్నొద్దులకు ముందర ఎర్ర లైటు వెలిగింది. షోరూంకు తీస్కపోతే వెనక సీటు కింద ఉండే పెద్ద బ్యాటరీ మొత్తం మార్చాలె అన్నరు. ధర ఇని సేటు అక్కడనే కుర్చీల కూలబడ్డడట. ఆ పైసలకు ఇంకో పాత బండి వస్తది. బయటి మెకానిక్‌లు బ్యాటరీకి ఉన్న ఆరెంజ్ వైర్లు చూసి దండం పెట్టిండ్లు. ముట్టుకుంటే మనిషి మిగలడని వాళ్ల భయం. ఆ భయం ఉత్తది కాదు.

ఇన్నయ్య ఎన్కట తన లారీ బాగుచేసిండన్న యాదితోని సేటు లూర్దు కాడికొచ్చిండు. వేరేటోళ్లయితే రాకున్నా వస్తదనే అంటరు. ఆమె ఏమన్నదో ఇను. "నాకు రాదు సేటూ. నేర్చుకుంట. నేర్చుకునేదాంక మీ బండి ముట్ట." నేను చూస్తనే ఉన్న. రాదు అని చెప్పెటోళ్లను నేను మా లైన్ల అంతకుముందు చూడలేదు.

హైదరాబాద్ పోయి, ఆ పనే చేసేటాయన కాడ నిలబడి నేర్చుకొని వచ్చింది. బండి పని మొదలుపెట్టిన నాడు నేను షాపు ఇడిచిపెట్టి పోయి చూసిన. మెడల సిలువ గొలుసు, చేతి ఉంగరం తీసి నా చేతుల పెట్టింది. "ఇనుము బంగారం ఏది ఒంటి మీద ఉండద్దు కాకా, నువ్వు పట్టుకో." మోచేతుల దాంక రబ్బరు గ్లౌజులు తొడుక్కున్నది. కరెంటు తెంపే పిన్ను గుంజి పక్కకు పెట్టి, చాయ్ తాగెటంత సేపు ఆగింది. అప్పటిదాంక గలగల మాట్లాడిన పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. బ్యాటరీ మూత ఇప్పితే లోపల వరుసగ సెల్లులు. ఒక్కొక్కదానికి మీటరు పెట్టుకుంట, బలం లేని వాటి మీద సుద్దతోని గీత గీసుకుంట పోయింది. బియ్యంల రాళ్లు ఏరినట్టు ఆ చెడిపోయిన సెల్లులే తీసి వేరేవి పెట్టింది. షోరూం చెప్పినదాంట్ల పావువంతు గూడ కాలేదు. ఎర్ర లైటు ఆరిపోయింది. సేటు బండి నడిపి చూసొచ్చి ఆమెకు రెండు చేతులెత్తి దండం పెట్టిండు. ఆమె సిగ్గుపడి "నాయిన పేరు చెప్పుకోండి సేటూ" అన్నది. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఇన్నయ్య ఉంటే ఎంత మురిసేటోడో అనిపించింది.

నేను ఆమెను ఎంత మెచ్చుకున్ననో నీకు అర్థమైందా? గా మెచ్చుకున్నోన్నే ఈ పని చేసిన. యాదుంచుకో.

సేటు ఖుషీల ఉండి నా షాపు ముంగట బండి ఆపిండు. మంచి కవర్లు కుట్టుమన్నడు. ఆయన వెనక సీటు మీద పత్తి శాంపిల్ మూటలు వేసుకొని తిరుగుతడు, బండి నిండ దూది. సీటు పక్కన గోడకు ఒక జాలీ ఉన్నది, అరచేయి కన్న జర పెద్దది. దాని నిండ దూది పట్టుకున్నది. "ఇది పాడుగ కొడతాంది, ఏమన్న చెయ్యరాదా?" అన్నడు. నేనేమన్న? "మూసేద్దాం సేటూ. అక్కడ కంత ఉన్నట్టే కనబడనియ్య."

ఆ జాలీ ఎందుకున్నదో నాకు ఎరుక లేదు. పాటల స్పీకర్ అనుకున్న. పక్కకు పోయి అడిగితే అయిపోతుండె. లూర్దు ఆ రోజుల్ల వాళ్ల చిన్నమ్మ ఊరికి పెండ్లికి పోయింది. ఫోన్ లేదా? ఉన్నది. అడగాలన్న ఆలోచనే రాలేదు, నా కండ్లకు ఆ కంత తప్ప వేరేది కనబడలేదు. సీటు నుంచి గోడ దాంక ఒకటే ముక్కగ లాగి కుట్టిన. సేటు చూసి భుజం తట్టిండు.

ఇక్కడిదాంక తప్పు కాదు, పొరపాటు. అదైతే నేను ఎప్పుడో చెప్పుకునేటోన్ని. ఇగ ఇటెన్క ఇను.

ఎండకాలం నడిమిట్ల సేటు వాళ్ల అమ్మను కంటి ఆపరేషన్‌కు హైదరాబాద్ తీస్కపోతాండు. మడికొండ దాటినంక మిట్టమధ్యాహ్నం బండి ఆగిపోయింది. రోడ్డు మీద నీడ లేదు. ముసలమ్మ ఆ ఎండకు సొమ్మసిల్లింది. ఆటోల వేసుకొని దవాఖానకు ఉరికిండ్లు. గ్లూకోజ్ ఎక్కించినంక లేచి కూసున్నది, దేవుడు సల్లగుండ. తెల్లారి ఆదివారం పొద్దున క్రేన్ బండి ఆ కారును తెచ్చి లూర్దు షాపు ముంగట దించింది. ఆమె చర్చికి పోయింది. క్రేన్ డ్రైవర్ తాళం నా చేతికిచ్చి పోయిండు.

నేను వెనక డోర్ తీసింది నా కవర్లు ఎట్లున్నయో చూసుకుందామని. నా కవర్లే నాకు ముఖ్యం చూడు. చూస్తే, జాలీ ఉన్న కాడ బట్ట లోపలికి గుంజుకపోయి ఉన్నది. జాలీ గీతలు గీతలుగ బట్ట మీద పడ్డయి. చుట్టూత దూది, దుమ్ము. కుట్టు ఇప్పి టార్చి వేసి చూసిన. లోపల స్పీకర్ లేదు. ఫ్యాన్ రెక్కలున్నయి. ఆ ఫ్యాన్ బండి లోపలి చల్లగాలి గుంజి బ్యాటరీకి ఇస్తదన్నమాట. నేను దాని ముక్కు మూసిన. బ్యాటరీ ఉడికిపోయింది.

రోడ్డు దిక్కు చూసిన, ఎవ్వలు లేరు. లూర్దు వచ్చేదాంక అట్లనే ఉంచి, "బిడ్డా, ఇదీ సంగతి" అంటే సరిపోతుండె. ఎందుకు అనలేదు? ఖర్చు మీద పడతదనా? అదొకటి. సేటు నోటికి జడిసిన్నా? అదొకటి. అసలుది వేరే ఉన్నది, అది నాకు నేను ఒప్పుకోనికే మస్తు రోజులు పట్టింది. ఆడపిల్ల చేసిన పని పాడైందంటే లోకం అల్కగ నమ్ముతది. ఎవ్వలు ఇంకేం వెతకరు. గది నాకు ఎరుకే. ఎరుకుండే కత్తెర పట్టుకున్న.

జాలీ కాడ బట్ట కోసిన. అంచు మడిచి, అదే రంగు పైపింగ్ పెట్టి చేత్తోని కుట్టిన. జాలీల దూది అంత సాఫ్ చేసిన. కోసిన ముక్క చాయ్ హోటల్ పొయ్యిల పడేసిన. నా జిందగీల అంత సక్కటి కుట్టు ఎన్నడు కుట్టలేదు. మొదటిసంది అట్లనే కుట్టిన తీరు కొట్టింది. ఆ పని చేస్తున్నంత సేపు దూరం నుంచి చర్చి గంట ఇనబడ్డది.

లూర్దు తెల్ల చీర మీదనే ఉరికొచ్చింది. చీర గూడ మార్చుకోలేదు. బండి కాడ మోకాళ్ల మీద కూసొని మొదలు చూసింది ఆ జాలీనే. అంత తెలివి. టార్చి వేసింది, వేలు పెట్టి చూసింది. సాఫ్‌గ ఉన్నది. వేలు అట్లనే కవర్ అంచు మీద పెట్టి నా దిక్కు చూసింది.

"కాకా, ఈ కవర్ నువ్వే కుట్టినవు గదా?"

"నేనే."

"ఈ జాలీ కాడ ఈ సందు మొదటిసంది ఇడిచిపెట్టినవా?"

ఒక్క నిమిషం గూడ కాదు, రెప్పపాటు. ఆ రెప్పపాటుల నేను ఇటో అటో అయ్యేటోన్ని.

"మొదటిసందే ఉన్నదమ్మా."

ఆమె మొఖం చాటంత అయింది. "మంచిగ చేసినవు కాకా. వేరేటోళ్లయితే మూసేటోళ్లు. నీకు పని ఎరుక కాబట్టి ఇడిచిపెట్టినవు."

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డ.

జాలీ మంచిగున్నది, ఫ్యాన్ మంచిగున్నది. మరి బ్యాటరీ ఉడికి ఎందుకు ఉబ్బింది? ఆమెకు మిగిలింది ఒకటే జవాబు. తను పెట్టిన సెల్లులు పాతవాటితోని కలవలేదు, తను సరిగ్గ చూడలేదు. నా అబద్ధం మీద కూసొని ఆలోచిస్తే తెలివిగలోళ్లకు గూడ తప్పు జవాబే వస్తది.

పొద్దుగూకే వరకు సేటు వచ్చిండు. వెంబడి మనుషులు. నడి బజార్ల మొదలుపెట్టిండు. "మా అమ్మ పోతే ఎవలు తెస్తరు? ఆడపిల్ల చేతికి బండిచ్చిన, నా చెప్పుతోని నేను కొట్టుకోవాలె." లూర్దు నోరు నాకు ఎరుకే. ఇప్పుడు చూడు, కడిగి పారేస్తది అనుకున్న. లోపల లోపల, కడుగుతే బాగుండు అని గూడ అనుకున్న. ఆమె చేతులు కట్టుకొని నిలబడ్డది.

"తప్పు నాదే సేటూ. మీ అమ్మ కాళ్లు పట్టుకుంట. బండి మళ్ల మొత్తం చేసిస్త, మీరు రూపాయి ఇయ్యొద్దు."

సేటు గూడ అంత మాట అనుకోలేదు. కోపం ఎటు పోవాల్నో తెల్వక వచ్చిన మనుషులను తోలుకొని పోయిండు.

లూర్దు నర్సంపేటకు బస్సుల పోయి నిజంగనే ఆ ముసలమ్మ కాళ్లు పట్టుకున్నది. బ్యాటరీకి సామాన్ తెచ్చెటందుకు వాళ్ల నాయిన స్కూటర్ అమ్మింది. ఆ స్కూటర్ మీద ఇన్నయ్య వెనక కూసొని నేను ఎన్ని పెండ్లిండ్లకు పోయిన! అమ్మిన దినం నేను షాపు తెరవలేదు, జరం అని చెప్పిన. ఆమె సాయంత్రం మా ఇంటికి జరం గోలీలు పట్టుకొని వచ్చింది.

బండి బాగైంది. జాలీ తెరిచి ఉన్నది కదా, ఎందుకు బాగుండదు. సేటు గూడ మెల్లగ సల్లబడ్డడు, ఇప్పటికీ ఆమె కాడికే వస్తడు. అక్కడితోని ఒడిసిపోతే నేను గూడ మరిచిపోతుంటినేమో. మనిషి మరుస్తడు, అబద్ధం ఆడకూడదు. గని లూర్దు మరువనియ్యలేదు. నన్ను కాదు, తనను.

అప్పటిసంది ఏ హైబ్రిడ్ బండి వచ్చినా, తాళం పట్టుకునే ముందు గిరాకీకి ఒక మాట చెప్పేది. "అన్నా, ముందుగాల ఇది ఇనుండ్లి. నా చేతుల ఒక బండి పాడైంది. ఒక ముసలమ్మ ఎండల పడిపోయింది. ఇది ఇన్నంక ఇష్టముంటేనే బండి ఇయ్యిండ్లి." కొందరు ఇచ్చేటోళ్లు. కొందరు ఇంట్ల అడిగి వస్తమని పోయేటోళ్లు, మళ్ల రాకపోయేటోళ్లు. రేకు ఇవతల నేను. ఆ మాట మొదలైతే నా కాలు మిషన్ మీద ఆగిపోయేది. చెవులు మూసుకుందామంటే రెండు చేతుల్ల బట్ట ఉండేది.

ఒకపారి ఉండబట్టక అడిగిన. "అందరికీ ఎందుకు బిడ్డా చెప్పుకుంట కూసుంటవు? ఎవలు అడిగిండ్లు నిన్ను?"

"వాళ్ల బండి, వాళ్ల పైసలు కాకా. వాళ్లకు ఎరుకుండాలె గదా" అన్నది. మళ్ల మీటరు పట్టుకొని పనిల పడ్డది. అంతే. ఏదో పెద్ద మాట చెప్పినట్టు గూడ లేదు ఆమెకు.

నేను చేసిన తప్పు ఆమె నోటితోని ఒప్పుకుంటాంది, అది తనదనుకొని. నేను చెయ్యనిది ఆమె చేస్తాంది. ఇట్లాంటి మనిషిని నేను మెచ్చుకోవాల్నా, ఆమె ముంగట మొఖం దాచుకోవాల్నా? రెండు చేసిన. మెచ్చుకునుడు పదిమంది ముంగట, దాచుకునుడు లోపల.

మడికొండ దిక్కు ఒక కంపెనీ వాళ్లు వచ్చిండ్లు. వాళ్ల కాడ పాత హైబ్రిడ్ బండ్లు ఉన్నయట, అన్నిటి పని ఈమెకే అప్పజెప్పుదమని. ఆ పని దొరికితే షాపు పెద్దగైతది, స్కూటర్ కాదు, కారే కొనుక్కుంటది. రేకు అవతల ఆమె గొంతు నవ్వుతాంది. లోపల లోపల మొక్కుకున్న, ఇయ్యాళ ఒక్కనాడు చెప్పకు బిడ్డా అని. చెప్పింది. అదే మాట, ఒక్క అక్షరం తక్కువ కాకుండ. వాళ్లు ఫోన్ చేస్తం అన్నరు. చెయ్యలేదు.

ఆ సాయంత్రం నేను చేసిన ఘనకార్యం ఏందో ఎరుకేనా? మిర్చి బజ్జీలు తెచ్చిచ్చిన. పాపానికి మిర్చి బజ్జీలు. ఆమె తిని, "ఉప్పు తక్కువైంది కాకా" అన్నది. గొంతు మామూలుగనే ఉన్నది. మొఖం మాత్రం అటు తిప్పుకున్నది.

ఇగ మొన్నటి సంగతి. కిరాయికి కారు నడుపుకునే పిలగాడు ఒకడు వచ్చిండు. పెండ్లైంది, చిన్నపిల్ల ఉన్నది. పాత హైబ్రిడ్ అయితే పెట్రోలు కలిసొస్తదని అప్పు చేసి కొన్నడట. షోరూం వాళ్లు బ్యాటరీ ధర చెప్పిండ్లు. గొంతుల్నే ఎరుకైతాంది, వాడు రాత్రి నిద్రపోలేదని. లూర్దు అంతా ఇన్నది. ఇన్నంక మామూలు లెక్కనే మొదలుపెట్టింది. "అన్నా, ముందుగాల ఇది ఇనుండ్లి..."

వాడు ఇని, "అక్కా, ఏమనుకోకు. నాకు ఇది ఒక్కటే బండి. మళ్ల పాడైతే నేను తట్టుకోలేను" అన్నడు. తాళం జేబుల వేసుకున్న సప్పుడు ఇనబడ్డది. ఎటు పోతడు వాడు? షోరూంకు పోలేడు. వేరే మెకానిక్‌లు ముట్టరు. బండి అమ్ముకుంటడు, అప్పు మిగులుతది. ఇన్నొద్దులు నా అబద్ధం లూర్దు నెత్తి మీదనే ఉన్నదనుకున్న. ఇప్పుడు ముక్కు మొఖం తెల్వని పిలగాని నెత్తి మీద గూడ పడ్డది.

నేను లేసిన. ధైర్యం వచ్చి లేసిన్నా? కాదు. కూసోలేక లేసిన. రేకు చుట్టూత తిరిగి పోయి ఆ పిలగాని ముంగట నిలబడ్డ.

"బాబూ, ఆగు. ఆ బండి ఈమె చేతుల పాడుకాలేదు. నేను పాడుచేసిన. బ్యాటరీకి గాలి పోయే జాలీని సీటు కవర్‌తోని మూసిన. ఈమె చర్చికి పోయి వచ్చే లోపల కోసి, ఏమెరుగనట్టు కుట్టిన."

ఇంతే. నాలుగు మాటలు. ఏండ్ల తరబడి మోసింది నాలుగు మాటలల్ల అయిపోయింది. అప్పుడు గూడ నేను పిలగాని మొఖమే చూసిన, ఆమె దిక్కు చూసే మొఖం నాకు లేదు.

"నేను నిన్ను అడిగిన కాకా" అన్నది లూర్దు.

"అడిగినవు."

"మొదటిసందే ఉన్నదన్నవు."

"అన్న."

తిడుతదనుకున్న. ఆ నోరు నా మీద ఇప్పితే ఎంత బాగుండు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్వలేదు. ఏడిస్తే ఆమె మళ్ల నన్నే ఊకుంచాలె, అంత గుణం ఆమెది. గా పాపం గూడ ఎందుకు. ఆమె పిలగాని దిక్కు తిరిగి, "తాళం ఇయ్యి అన్నా" అని చేయి చాపింది. వాడు ఇచ్చిండు. నేను ఇటు వచ్చి కూసున్న.

స్కూటర్ పైసలు ఇయ్యబోతే తీసుకోలేదు. సేటుకు నేనే ఫోన్ చేసి చెప్పిన, ఆయన అనాల్సినవన్ని అన్నడు, అన్ని పడ్డ. మా ఇంటామెకు చెప్పిన. ఆమె ఆ పూట అన్నం పెట్టలేదు, తెల్లారి పెట్టింది. లూర్దు నాతోని మాట్లాడతలేదు. చాయ్ కేక లేదు. కాక అన్న పిలుపు లేదు. మాట్లాడుమని నేను అడుగుతలేను గూడ. ఏ మొఖం పెట్టుకొని అడుగుత? గని నిజం చెప్తాన, అన్నం గొంతు దిగుతాంది. తప్పు పోయిందని కాదు. ఉన్నదున్నట్టు ఉన్నది. దాచుడు ఒక్కటే పోయింది.

నిన్న ఖమ్మం దిక్కు నుంచి ఒక ముసలాయన పాత హైబ్రిడ్ పట్టుకొచ్చిండు. రేకు అవతల లూర్దు గొంతు ఇనబడ్డది. నా కాలు అలవాటుగ ఆగింది. ఇప్పుడు ఏం చెప్తది, చెప్పెటందుకు ఏమున్నది అనుకున్న. ఆ మచ్చ ఆమెది కాదు గదా ఇగ.

"తాతా, ముందుగాల ఇది ఇను" అన్నది. "ఒక బండి కాడ నేను తప్పు చేసిన. నేను ఇప్పి చూడాల్సింది చూడకుండ, ఒక మనిషి మాట నమ్మిన. ఇగ ఎవ్వల మాట నమ్మ. నీ మాట గూడ నమ్మ. అంతా నేనే ఇప్పి చూస్త. ఇష్టముంటే తాళం ఇయ్యి."

నా పేరు చెప్పలేదు. ముసలాయన తాళం ఇచ్చిండు. ఆమె చెప్పినదాంట్ల ఇప్పుడు ఒక్క అబద్ధం లేదు. నేను బట్ట సరిచేసుకొని మిషన్ తొక్కుడు మొదలుపెట్టిన.